సమాఖ్య గుర్తింపుంటేనే చదరంగ రేటింగు

మాదాపూర్: హైటెక్ సిటీ పరిసరాల్లో పిల్లలను చదరంగం పోటీలకు పంపే తల్లిదండ్రులు ముందుగా గమనించవలసింది ఒకటుంది. ప్రతి పోటీకీ అంతర్జాతీయ రేటింగు వర్తించదు. ప్రపంచ చదరంగ సమాఖ్య (ఫిడే)లో నమోదైన టోర్నీలకే అది లభిస్తుంది. మన దేశంలో ఆ నమోదు అఖిల భారత చదరంగ సమాఖ్య ద్వారా జరగాలి.

ఫిడే 1924లో పారిస్‌లో ఆవిర్భవించింది. జాతీయ సమాఖ్య 1951లో ఏర్పడింది. అంతర్జాతీయ వేదికలపై భారత జట్లను పంపే అధికారం దానిదే.

2002లో ప్రపంచ కప్‌నకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. విశ్వనాథన్ ఆనంద్ విజేతగా నిలిచారు. ఆయన 2022లో ఫిడే ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. అదే ఏడాది చెన్నైలో ఒలింపియాడ్ జరిగింది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో పురుషుల, మహిళల స్వర్ణాలు రెండూ భారత్‌కే దక్కాయి. ఆ జట్లలో వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు.

సమాఖ్య అధికారానికీ హద్దులున్నాయి. అనుమతి లేని పోటీల్లో ఆడిన క్రీడాకారులపై ఆంక్షలు విధించడం ఆధిపత్య దుర్వినియోగమేనని భారత పోటీ కమిషన్ 2018లో తేల్చి, రూ.6.92 లక్షల జరిమానా విధించింది.

రేటింగు కోసమే ఆడించదలచినవారు ప్రవేశ రుసుము చెల్లించే ముందే ఆ టోర్నీ ఫిడే జాబితాలో ఉందో లేదో నిర్వాహకులను అడిగి, ఫిడే వెబ్‌సైట్‌లోనూ సరిచూసుకోవాలి.