కూడవెల్లి వాగు వెంట బసది, గుడి

దుబ్బాక దగ్గరి కూడవెల్లి రామలింగేశ్వరుడికి మాఘ అమావాస్య జాతర. వాగులో స్నానం చేసి జనం గుడి మెట్లెక్కుతారు. ఆ వాగు నర్మాల దగ్గర మానేరులో కలుస్తుంది. మన దిక్కు గుళ్ల చరిత్ర తెలియాలంటే ఆ నీటి వెంట కిందికి పోవాలి.

మానేరులోనే కలిసే మూలవాగు ఒడ్డున వేములవాడ ఉంది. రాష్ట్రకూటుల సామంతులుగా అక్కడ ఏలిన చాళుక్యుల్లో మొదటి బద్దెగుడి పేరు మీద బద్దెగేశ్వరాలయం, నేటి భీమేశ్వరాలయం, వెలసింది. అదే వంశంలోని రెండో బద్దెగుడు జైన పండితుడు సోమదేవసూరి కోసం శుభధామ జినాలయం కట్టించాడు. దాని పోషణకు మూడో అరికేసరి 966లో ఊరిని దానమిచ్చిన సంగతి పర్భణీ రాగి శాసనం చెబుతుంది. ఒకే ఇంట శివుడూ జినుడూ! తగవులే జరగలేదని అనను. కానీ ఈ చరిత్రను తగవుల కథగానే చెప్పుకోవడం అన్యాయం.

ఇంకా ముందుకు పోతే కురిక్యాల బొమ్మలగుట్ట. పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో అక్కడి బండ మీద చక్రేశ్వరినీ తీర్థంకరులనూ చెక్కించాడు. కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటా శాసనం వేయించాడు. అందులోవి మనకు దొరికిన తొలి తెలుగు కంద పద్యాలు. నన్నయకు దాదాపు నూరేళ్ల ముందటివి! గుడికి రాయి చెక్కించినవాడే మన పద్యానికీ రాతి మీద చోటిచ్చాడు. ఆ గుట్ట మన పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీన ఉండాలని నా కోరిక.

కల్యాణి చాళుక్యుల నాటికి గర్భగుడి, అంతరాళం, మండపం అనే అమరిక బసదికీ శివాలయానికీ ఒక్కటే. తేడా తెలియాలంటే గడప దగ్గర ఆగి తలెత్తి చూడాలి. ద్వారబంధం పైన నడిమధ్య జినుడు కూర్చుంటే అది బసది, గజలక్ష్మి ఉంటే చాలావరకు హిందూ ఆలయం. ఆ పునాది మీదే కాకతీయులు 1163లో వేయిస్తంభాల గుడిని, 1213లో రామప్పను లేపారు.

హనుమకొండ గుట్ట మీద 1117లో రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసది కట్టించింది. ఇప్పుడక్కడ పద్మాక్షమ్మ కొలువై ఉంది. రాతి మీద తీర్థంకరులు అలాగే ఉన్నారు. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కింది గుండంలోనే ఆడబిడ్డలు బతుకమ్మలను సాగనంపుతారు.