లాక్‌డౌన్ పోయింది, ఆ భయం పోలేదా? మనసుకు ప్రభుత్వ వైద్యం ఎక్కడ, ఎలా దొరుకుతుందంటే...

2020 ఏప్రిల్ మొదట్లో మీరు విజయవాడ భవానీపురంలో ఉండి ఉంటే, వీధి చివర అడ్డంగా కట్టిన కర్రలు, పోలీసు బారికేడ్లు ఇంకా గుర్తుండే ఉంటాయి. నగరంలో అందరికంటే ముందు రెడ్ జోన్ అన్న పేరు పడిన ప్రాంతాల్లో విద్యాధరపురం, రాణిగారితోట, ఖుద్దూస్‌నగర్, పాయకాపురంతో పాటు భవానీపురం కూడా ఉంది. ఐరన్ యార్డులో పని ఆగింది. భవానీ ద్వీపానికి బోట్లు ఆగాయి. కొండ మీద దుర్గమ్మ దర్శనం కూడా జూన్ రెండో వారం దాకా లేదు.

ఆ బారికేడ్లు తీసేసి ఏళ్లు గడిచాయి. కానీ అప్పుడు మొదలైన నిద్రలేమి, పక్కింట్లో ఎవరైనా దగ్గితే వచ్చే గుండెదడ, నలుగురిలోకి వెళ్లాలంటే జంకు కొందరిని ఇంకా వదల్లేదు. మీ ఇంట్లోనూ అలాంటివారు ఉంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, చట్టం మీకు ఏ హక్కులు ఇచ్చిందో చూద్దాం.

అది మన ఒక్కరి సమస్య కాదు

కోవిడ్ మొదటి ఏడాదిలోనే ఆందోళన, కుంగుబాటు (డిప్రెషన్) ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అంతకు ముందు, 2021 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2020లో అదనంగా 5.3 కోట్ల డిప్రెషన్ కేసులు, 7.6 కోట్ల ఆందోళన కేసులు వచ్చి ఉంటాయని అంచనా వేసింది. మగవారి కంటే ఆడవారి మీద, పెద్దల కంటే యువత మీద ఈ దెబ్బ ఎక్కువగా పడిందని కూడా అందులో ఉంది.

మన దేశంలో ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2019లో 1,39,123 మంది ఆత్మహత్య చేసుకోగా 2020లో ఆ సంఖ్య 1,53,052కి, 2021లో 1,64,033కి చేరింది. 2020లో చనిపోయిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు రోజు కూలీ. ఈ పెరుగుదలనంతా లాక్‌డౌన్ ఖాతాలో వేయడం సరికాదు. ఆ నివేదికలో కారణాల పట్టికలో ముందుండేవి కుటుంబ సమస్యలు, అనారోగ్యం. అయితే పని లేక, బయటికి వెళ్లే దారి లేక ఇంట్లో ఉండిపోయినప్పుడు ఆ రెండూ ఎంత ముదురుతాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో అంకె కూడా చూడాలి. కోవిడ్‌కు ముందే, 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు.

విజయవాడలో ఆ రోజులు

లాక్‌డౌన్ మొదలైన రోజే, మార్చి 25న, హైదరాబాద్ హాస్టళ్లు మూసేయడంతో సొంతూళ్లకు బయల్దేరిన విద్యార్థులు, ఉద్యోగులు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో చిక్కుకుపోయారు. తెలంగాణ పోలీసులు ఇచ్చిన పాసులు చేతిలో ఉన్నా సరిహద్దు దాటనివ్వలేదు. అదే రోడ్డు మీద గంటన్నర ప్రయాణిస్తే భవానీపురం వచ్చేస్తుంది. ఇల్లు అంత దగ్గర్లో ఉండి కూడా వెళ్లలేకపోవడం అన్నది ఆ తరం పిల్లలకు కొత్త అనుభవం.

తర్వాత వచ్చింది వెలి. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ కాలక్షేపానికి పేకాట ఆడటం వల్ల 24 మందికి వైరస్ సోకిందని ఏప్రిల్ చివర్లో అప్పటి జిల్లా కలెక్టర్ చెప్పారు. జనాన్ని అప్రమత్తం చేయడానికి చెప్పిన మాటే. కానీ అది జాతీయ వార్త అయి, ఆ పేట పేరు చెబితేనే ముఖం తిప్పుకునేదాకా వెళ్లింది. జబ్బు వచ్చినవాడు బాధితుడు కాకుండా దోషి అయ్యాడు. ఇంటి గుమ్మానికి నోటీసు అంటించడం, అంబులెన్సు వస్తే వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చూడటం, కోలుకుని వచ్చాక కూడా పాలవాడు రాకపోవడం ఒక్క కృష్ణలంకలోనే జరిగినవి కావు. వైరస్ కంటే ఈ అవమానమే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మద్యం సంగతి ఎక్కువమంది మానసిక ఆరోగ్యం కింద లెక్కేయరు. వేయాలి. రోజూ తాగేవారికి ఒక్కసారిగా మద్యం దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవుతాయి. సరైన సమయంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చి ఆఖర్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఇలాంటి రోగులే బారులు తీరారు. ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు మే 4న తెరిచారు, ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది చదివి 'తాగుబోతులు' అని పక్కన పెట్టేసినవాళ్లే ఎక్కువ. కానీ మద్యానికి బానిస కావడం వైద్యం ఉన్న జబ్బు. 2017 నాటి చట్టం కూడా దాన్ని మానసిక అనారోగ్యం కిందే చూస్తుంది.

ఆగస్టు 9 తెల్లవారుజామున కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు చెలరేగి 10 మంది మరణించారు. చికిత్సకు వెళ్లిన చోటు కూడా భద్రం కాదన్న భయం నగరమంతా పాకింది. ఆ మరుసటి ఏడాది రెండో వేవ్. ఆక్సిజన్ కోసం వెతుకులాట, ఆసుపత్రి లోపలికి పంపి మళ్లీ చూడలేకపోయిన ముఖాలు, నలుగురు మోయాల్సిన చోట పీపీఈ కిట్లలో వచ్చిన అపరిచితులు. కర్మకాండ సరిగా జరగలేదన్న బాధ ఏళ్ల తరబడి లోపల ఉండిపోవచ్చు. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు చేసుకోనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో (ఐసీడీ-11) విడిగా చేర్చింది. అది మీ బలహీనత కాదని చెప్పడానికే ఈ మాట.

ఇది బాధా? జబ్బా?

దిగులు అందరికీ ఉంటుంది. వైద్యులు సాధారణంగా చూసే గీటురాయి రెండు వారాలు. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇంతకు ముందు ఇష్టపడిన పనులు కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, 'నేనెందుకూ పనికిరాను' అన్న ఆలోచన, ఏకాగ్రత లేకపోవడం. వీటిలో కొన్ని రెండు వారాలు దాటి వదలకుండా ఉంటే, పని మీద, ఇంటి మీద వాటి ప్రభావం కనిపిస్తుంటే వైద్యుడిని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, రెండు గంటలు కూడా ఆగొద్దు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 'నాకు డిప్రెషన్‌గా ఉంది' అని ఎంతమంది అంటారు? గుండె పట్టేసినట్టుంది, తల బరువు, ఒళ్లంతా మంటలు, నరాల బలహీనత అంటారు. ఇంట్లోవాళ్లు 'గ్యాస్ అయి ఉంటుంది' అంటారు. ఈసీజీ తీయించుకుంటారు, మామూలుగా వస్తుంది. నెల తర్వాత మళ్లీ తీయించుకుంటారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా బాధ పోకపోతే, ఆ బాధ అబద్ధమని కాదు. అది మనసు దారిన వస్తోందేమో చూడాలని అర్థం. (ఛాతీ నొప్పి వచ్చిన మొదటిసారి మాత్రం గుండె పరీక్షే ముందు.)

14416కు ఫోన్ చేస్తే ఏమవుతుంది?

టెలీ-మానస్ కేంద్ర ప్రభుత్వ సేవ. కోవిడ్ అనుభవం నుంచే పుట్టింది. 2022 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో ప్రకటించి, అక్టోబరు 10న, అంటే ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభించారు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి కేంద్రం. నంబరు 14416, లేదా 1800-89-14416. రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఫోన్ కలవగానే భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకోండి. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. ఏం చెప్పాలో తోచకపోతే 'నిద్ర పట్టడం లేదు' అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. మాటలతో సర్దుకునేది కాదనిపిస్తే సైకాలజిస్టుకో, సైకియాట్రిస్టుకో కలుపుతారు. నేరుగా చూడాల్సిన అవసరం ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని చెబుతారు. 2024 అక్టోబరులో దీనికి మొబైల్ యాప్ కూడా తెచ్చారు.

మీ కోసమే చేయాలని లేదు. మీ అమ్మ గురించో, హాస్టల్లో ఉన్న తమ్ముడి గురించో మీరు అడగొచ్చు. ఇంట్లో అందరూ వింటుంటే మాట్లాడలేం అనుకునేవారికి ఒక చిన్న సలహా: డాబా మీదికో, పున్నమి ఘాట్ వైపు నడకకో వెళ్లి చేయండి. ఇరుకింట్లో నలుగురి మధ్య ఫోన్ మాట్లాడటం లాక్‌డౌన్‌లో ఎంత కష్టమైందో చూశాం. భర్త ఎదురుగా ఉండగా మాట్లాడలేని ఆడవాళ్ల కోసమే 2020 ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ వాట్సాప్ నంబరు పెట్టాల్సి వచ్చింది.

నేరుగా వెళ్లాలంటే

ముందు మీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లొచ్చు. అక్కడి డాక్టర్ పెద్దాసుపత్రికి రాసిస్తారు. విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కృష్ణ దాటి వెళ్లగలిగితే మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. చేర్చుకుని ఎక్కువ రోజులు చూడాల్సిన కేసులకు విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఓపీకి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ, షుగరు, థైరాయిడ్ రిపోర్టులతో సహా పట్టుకెళ్లండి. థైరాయిడ్ తేడా వల్ల కూడా మనిషి దిగులుగా ఉండొచ్చు.

మందుల గురించి అందరికీ ఉండే అనుమానం: 'మొదలుపెడితే జీవితాంతం వాడాలా?' చాలామందికి అక్కర్లేదు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే వారం వాడి 'ఏమీ గుణం లేదు' అని ఆపేస్తారు. ఇవి అలవాటుపడే మందులు కావు, అయినా డాక్టర్ చెప్పకుండా హఠాత్తుగా ఆపకూడదు. అలవాటయ్యేవి కొన్ని నిద్రమాత్రలు. తెలిసిన మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తున్నారు కదా అని ఏళ్ల తరబడి మింగేవారు డాక్టర్‌ను కలిసి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

చట్టం మీ వైపు ఉంది

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 అమల్లోకి వచ్చింది 2018 మే 29న. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందడం 18వ సెక్షన్ ప్రకారం మీ హక్కు. 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని భయపడేవారు ఇది తెలుసుకోవాలి.

ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను ఉంచలేదు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

బీమా విషయం. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని ఇదే చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. 2022 అక్టోబరు 31 నాటికి పాలసీలన్నీ అలా మార్చాలని ఐఆర్‌డీఏఐ కంపెనీలకు గడువు పెట్టింది. అయితే సాధారణ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. కౌన్సెలింగ్ ఫీజులు, ఓపీ ఖర్చులు వస్తాయో లేదో మీ పాలసీ కాగితాల్లో చూసుకోండి.

వెంటనే సాయం కావాలంటే

ఎవరైనా ప్రాణం తీసుకుంటానంటే 'ఊరికే అంటున్నాడులే' అనుకోవద్దు. చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. వాళ్లను ఒంటరిగా వదలకుండా 112కో, 108కో ఫోన్ చేయండి. మాట్లాడే స్థితిలో ఉంటే 14416కు కలిపి ఫోన్ వాళ్ల చేతికివ్వండి. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న మహిళలకు 181, పిల్లలకు 1098. ఈ నంబర్లను ఫోన్‌లో సేవ్ చేసేటప్పుడు, తెలుగు చదవగలిగే పిల్లలుంటే వాళ్లకూ చూపించండి.