దుర్యోధనుడి ఇంటి అరుగు మీద

గుడియాత్తం నుంచి చిత్తూరు పోయే బస్సు పరదరామిలో ఆగింది. కండక్టరు ఊరి పేరు ఒకసారి తమిళం యాసలో, ఒకసారి తెలుగు యాసలో అరిచాడు. దిగండి, నాతో పాటు మీరూ దిగండి. పొద్దున ఏడు కాలేదు, ఎండ అప్పుడే మెడ మీదికి వచ్చేసింది. తలెత్తి చూస్తే అంగళ్ళ బోర్డులు తమిళం. వాటి కింద నిలబడి కొబ్బరికాయల బేరం ఆడుతున్న ఇద్దరి మాట తెలుగు. ఇంకొంచెం ముందుకు పోతే ఆంధ్ర.

నా సంచిలో చిత్తూరు వైపు నుంచి వచ్చే ఒక చిన్న పత్రిక ఉంది. అందులో ఒక పేజీ మూల నేను రాసిన ఎనిమిది వాక్యాలున్నాయి. ఇక్కడికి దగ్గర్లో ఒక పల్లెలో, పేరు చెప్పను, ఊరివాళ్ళే వేషాలు కట్టి ఆడిన ఆట గురించి రాసినవి. ఆ పేజీని ఎవరో ఫోటో తీశారు. మూడు రోజులుగా అది ఫోన్లలో తిరుగుతోంది, దాని వెనకాలే తిట్లు నా ఫోనుకు వస్తున్నాయి.

టీ అంగడాయన గ్లాసు చేతికిస్తూ నన్ను తేరిపార చూశాడు.

"ఆ కాగితం రాసిన సారు మీరేనా?"

"నేనేనప్పా."

"ఆ ఇంటికి పోవద్దు సార్. పెద్దాయన ఏమనడు గానీ ఆ పిల్లోడు శానా కోపంగా ఉండాడు."

టీ తాగి నడక మొదలుపెట్టాను. మామిడి తోపుల పక్కగా మట్టి దారి. నడుస్తూనే మిమ్మల్ని ఆ రాత్రికి తీసుకుపోతాను. అది చూడకుండా ఈ కోపం అర్థం కాదు.

ఈ వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందర ఎండాకాలంలో భారతం పెడతారు. చిత్తూరు జిల్లాలోనూ అంతే, ఇవతలి పాత ఉత్తర ఆర్కాటు పల్లెల్లోనూ అంతే. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ ఆట. ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు మైదానంలో మట్టితో ఆకాశానికి చూస్తూ పడుకున్న దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడు వచ్చి తొడ విరగ్గొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం అగ్నిగుండం. నేను చూసిన పల్లెలో మిగతా రాత్రులు కుదుర్చుకున్న మేళం ఆడుతుంది. రాయబారం రాత్రి మాత్రం ఊరివాళ్ళదే. కిరీటం, భుజకీర్తుల అద్దె, హార్మోనియం ఆయన కూలి, రంగు పూసే ఆయన కూలి అన్నీ వేషం కట్టేవాళ్ళ జేబులోంచే పోతాయి.

దుర్యోధనుడు ఒంటిగంటన్నరకు వచ్చాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, జీవితమంతా మగ్గం మీద లుంగీలు నేసినవాడు. నడక చూడండి. అడుగు పడితే బల్లలు కదిలి తెర వెనక దీపం ఊగుతోంది. కుర్చీలో కూర్చోకుండా దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, రాజు అనిపించాడు. ఇది నా రెండో వాక్యంలో ఉంది. దాన్ని ఎవరూ ఎత్తి చూపలేదు.

తరవాత పద్యం అందుకున్నాడు. చివరి మాట దగ్గర రాగం లాగడం మొదలైంది. జనం ఈల వేశారు, వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ లాగాడు. మూడోసారి కూడా లాగాడు. ఎదురుగా కృష్ణుడి వేషంలో ఉన్న కాలేజీ పిల్లవాడు నెమలి ఈక సర్దుకుంటూ, పెదవులు తడుపుకుంటూ నిలబడి ఉన్నాడు. తీరా అతని వంతు వచ్చేసరికి మైకు దుర్యోధనుడి దగ్గరే ఉండిపోయింది. కృష్ణుడి మాట వెనక వరసలో చాపలు పరుచుకున్న ఆడవాళ్ళకు ఒక్కటీ అందలేదు. సంధి కోసం వచ్చినవాడి మాట వినపడకపోతే అది రాయబారం ఎట్లా అవుతుంది? ఇవి మూడు నుంచి ఆరు దాకా నా వాక్యాలు.

ఇంకొకటి ఉంది. ఆయన నోట భీముడు పీముడయ్యాడు. గద కద అయింది. ధర్మరాజు తర్మరాజు అయ్యాడు. ఏడో వాక్యంలో ఈ మూడు మాటలూ ఇచ్చాను. ఎనిమిదో వాక్యం ఇది: తెలుగు పలకడం రానివాళ్ళు తెలుగు పద్యం జోలికి పోకపోవడమే మేలు.

నిన్న రాత్రి ఆ తిట్లన్నీ వరసగా చదివాను. వాటిలో చాలావాటికి ఆటతో పని లేదు. నా ఊరేది, కులమేది, ఎవడిచ్చాడు నీకు కలం, ఇట్లా. ఆట చూడనివాళ్ళు, ఆ రాత్రి ఆ ఊళ్ళో లేనివాళ్ళు. వాటికి జవాబు రాయలేదు. కోపంలో ఉన్న గుంపుకు రాసిన జవాబు ఆ కోపానికే మేత అవుతుంది, ఆటకు ఏమీ చెయ్యదు. కానీ రెండు మాత్రం వదిలిపెట్టలేదు. ఒకటి కొడుకు పంపింది: "మా నాయన మూడు నాళ్ళుగా గడప దాటలేదు." రెండోది ఎవరో పెద్దామె గొంతు. అరుపు లేదు, తిట్టు లేదు. "ఆయనకు తెలుగు బడి యాడుండె నాయనా?" అని అడిగి ఆపేసింది.

అందుకే బస్సెక్కాను.

ఇల్లు వచ్చింది. పెంకుటిల్లు, ముందర అరుగు, పక్క వసారాలో ఇప్పుడు ఎవరూ నేయని మగ్గం గుంట. కొడుకు నన్ను చూడగానే లేచాడు. పేర్ణంబట్టు వైపు చెప్పుల కంపెనీలో పని చేస్తాడట, ఈరోజు పనికి పోలేదు.

"ఏం సార్, ఇంకా ఏమన్నా మిగిలిందా రాసేదానికి?"

చుట్టుపక్కల అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. నలుగురు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు గుండె కొట్టుకునే చప్పుడు నాకే వినపడుతోంది. సంచిలోంచి పత్రిక తీశాను.

"మీ నాయన ముందర దీన్ని గట్టిగా చదవడానికి వచ్చినాను. ఏది తప్పో ఆయన చెప్పనీ."

"చదివేదేంది? అంతా వాపసు తీసుకుంటానని రాయి, చాలు."

"అంతా వాపసు తీసుకోను నాయనా. అందులో నిజం ఉంది."

అతను నా చొక్కా పట్టుకుంటాడనే అనుకున్నాను. లోపలి నుంచి పెద్దాయన గొంతు వచ్చింది: "రానీరా. ఇంటికొచ్చిన మనిషి." వచ్చి అరుగు మీద కూర్చున్నారు. రంగు లేదు, కిరీటం లేదు. చెవుల వెనక మాత్రం ఆ రాత్రి పూసిన రంగు ఇంకా సన్నగా ఉంది.

చదివాను. రెండో వాక్యం దగ్గర, నడక గురించి, ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు ఆ వాక్యం వినడం అదే మొదటిసారి. ఫోటోలో ఆ భాగం కత్తిరించి పంపారట. రాగం గురించి చదివినప్పుడు ఆయన అడ్డుపడ్డారు.

"జనం వన్స్ మోర్ అంటారు కదా సార్. నేను డబ్బుకు ఆడే మనిషిని కాను. చేతి డబ్బు పెట్టి వేషం కట్టినా. వాళ్ళ సంతోషమే నా కూలి."

ఈ మాట తీసి పారేసేది కాదు. డబ్బు తీసుకోకుండా ఆడేవాడి రోషానికి ఈ గడ్డ మీద పెద్ద వంశవృక్షమే ఉంది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు లాయరు. ఆయన సరస వినోదిని సభ మద్రాసు విక్టోరియా హాలులో తెలుగు నాటకం ఆడితే, కూలికి ఆడేవాళ్ళు కాక చదువుకున్నవాళ్ళు సొంత ఇష్టంతో వేషం కట్టడం చూసి ఒక తమిళ యువకుడు కదిలిపోయాడు. పమ్మల్ సంబంధ మొదలియార్. 1891లో సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకానికి గౌరవం తెచ్చిన ఆ సభ పుట్టుకలో తెలుగు వేషగాళ్ళ చెయ్యి ఉంది. బస్సెక్కితే ఇక్కడికి దగ్గరే ఉన్న చిత్తూరులో రామవిలాస సభ ఉండేది. నటుడు నాగయ్య సినిమాకు పోకముందు అక్కడే వేషాలు కట్టాడు. ఈ అరుగు మీద కూర్చున్న మనిషి ఆ వరసలోవాడే.

అయినా నా మాట మార్చుకోలేదు. "మీరు డబ్బు పెట్టినారు. తెల్లవార్లూ చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు నిద్ర పెట్టినారు. పొద్దున లేచి కూలికి పోవాల. వాళ్ళకు కృష్ణుడి మాట వినపడాల కదా? బళ్ళారి రాఘవ కూడా మీలాగే సొంత ఇష్టానికి ఆడినవాడే, లాయరు. రాగం మాటను మింగకూడదనే ఆయన పట్టు."

గడప లోపల నుంచి ఆ ఇంటామె గొంతు. ఫోన్లో విన్న గొంతే. "రాగం సంగతి ఆ సారు చెప్పింది సరే. నేను చెప్తే వింటివా?" గుమిగూడినవాళ్ళలో ఒకాయన తల ఊపాడు. వెనక వరసలో కూర్చున్నవాడేమో.

ఏడో వాక్యం చదివాను. పీముడు, కద, తర్మరాజు. ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిదోది చదవడానికి నోరు రాలేదు. చదివాను. ఆ మనిషి ముఖం చూస్తూ చదవాల్సి వచ్చేసరికి అది ఎంత అడ్డగోలు వాక్యమో నాకు తెలిసింది.

పెద్దాయన లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చారు. అంచులు నూనె పట్టి ఉన్నాయి. తెరిచి నా ఒళ్ళో పెట్టారు. మీరూ వంగి చూడండి. పేజీ నిండా తమిళ లిపి. చదివితే తెలుగు పద్యం. ఆయన తండ్రి రాసిందట. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, ఫ, బ, భలకూ ఒకటే. తమిళ లిపిలో అచ్చయ్యే స్తోత్రాల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి ఆ తేడా చూపిస్తారు. ఈ పుస్తకంలోనూ అట్లాగే వేశారు. భీముడి ప పక్కన 4. గద క పక్కన 3. మగ్గం నేసే చేత్తో, కిరసనాయిల్ దీపం ముందు, ప్రతి పద్యానికీ అట్లా అంకెలు వేసుకుంటూ పోయిన మనిషిని ఊహించుకోండి.

"మా నాయన కండ్లకు కనపడతా ఉండె సార్ ఆ అంకెలు," అన్నారు ఆయన. "నాకు కనపడవు. చెవిలో ఉండేది కొంచెం, పుస్తకంలో ఉండేది కొంచెం."

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గుడియాత్తం ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయింది. 1953లో చిత్తూరు ఆంధ్ర రాష్ట్రానికి పోయింది, ఈ పల్లెలు మద్రాసులో నిలిచిపోయాయి. ఇంట్లో మాట తెలుగే, ఈయన కూర్చున్న బడి తమిళం. ఈయన బడి వదిలిన చాలా ఏళ్ళకు, 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్ళలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. నాకు బడిలో తెలుగు పలక ఇచ్చారు, ఈయనకు ఇవ్వలేదు. ఇవ్వని బడి గురించి ఒక్క ముక్క రాయకుండా, అది దొరకని మనిషిని పద్యం ముట్టుకోవద్దన్నాను. ఆయన ముట్టుకోకపోతే ఈ పల్లెలో పద్యమే లేదు.

"ఈ ఎనిమిదోది తప్పు," అన్నాను. "ఇది ఆట గురించి రాసింది కాదు, మీ గురించి రాసింది. రాయకూడదు. వచ్చే సంచికలో నా పేరుతోనే కొట్టేస్తాను. ఏడోది కొట్టెయ్యను. పీముడు అని పలికితే విన్న పిల్లలు పీముడనే నేర్చుకుంటారు."

కొడుకు ఇంకా నిలబడే ఉన్నాడు. కోపం పోలేదు, పోవాలని నేను అడగలేదు. "వచ్చే ఏడాది ఆటకు వచ్చి మల్లా ఇట్లే రాస్తారా?" అన్నాడు.

"వస్తాను. రాస్తాను. వెనక వరసలో చాప మీద కూర్చుని రాస్తాను."

పెద్దాయన నోటుబుక్కు నా ఒళ్ళోంచి తీసుకోలేదు. "మీకు తెలుగు రాత వస్తాది గదా," అన్నారు. "ఈ 4 ఉండే మాటలన్నీ ఒకపారి పలకండి సార్."

పలికాను. ఆయన కళ్ళు మూసుకుని విని, నా వెనకే పలికారు. మూడోసారికి భీముడు వచ్చాడు. ఇంటామె మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టింది. గుమిగూడినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొడుకు గోడకు ఆనుకుని, నా చేతిలోని పత్రిక తీసుకుని, ఆ రెండో వాక్యం తనలో తాను చదువుకుంటున్నాడు.

మధ్యాహ్నం బస్సుకు పరదరామిలో నిలబడినప్పుడు ఫోను మళ్ళీ మోగింది, ఇంకో తిట్టు. తియ్యలేదు. సవరణ తరవాతి సంచికలో అచ్చయింది. ఎనిమిది వాక్యాల్లో ఒకటి పోయింది, ఏడు ఉన్నాయి.