పండుగ నాటి కన్నీరు

2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ నక్షత్రాలు ఇండ్లపై ఇంకా వెలుగుచుండగానే, సుమత్రా వద్ద పుట్టిన సునామీ మన కోస్తాను తాకింది. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా, తమిళనాడులో దాదాపు 8 వేలమంది మరణించారు. ఆప్తులను పోగొట్టుకున్న విశ్వాసులకు మరుసటి క్రిస్మస్ ఎలా వచ్చిందో ఆలోచించండి.

మత్తయి సువార్త 2వ అధ్యాయంలో జ్ఞానుల ఆనందం వెంటనే బేత్లెహేము తల్లుల రోదన ఉంది. సువార్తికుడు దానిని దాచలేదు.

మహేశ్వరంలో, శంషాబాద్‌లో ఈ ఏడు ఇంటికి నక్షత్రం కట్టలేకపోతున్న సహోదరీ, సహోదరుడా, మీ కన్నీరు అవిశ్వాసం కాదు. లాజరును లేపబోతున్నానని ఎరిగియుండియు ప్రభువు ఏడ్చాడు. కన్నీటితోనే ఆయన యొద్దకు రండి. సంఘమా, వారిని తొందరపెట్టకండి. వెళ్లి ప్రక్కన కూర్చోండి. మరణమును జయించిన ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.