హైడ్రోకార్బన్ల భంజనం

పెద్ద హైడ్రోకార్బన్ అణువులను వేడితోగానీ ఉత్ప్రేరకంతోగానీ విడగొట్టి చిన్న అణువులుగా మార్చే ప్రక్రియ భంజనం. దీన్నే క్రాకింగ్ అని కూడా అంటారు. ముడిచమురును స్వేదనం చేస్తే అందులో సహజంగా ఉన్న పెట్రోలు మాత్రమే దక్కుతుంది. మిగిలిన బరువైన నూనెల నుంచి కూడా పెట్రోలు రావాలంటే భంజనం తప్పదు.

ఉష్ణ భంజనం

రష్యన్ ఇంజనీరు వ్లదీమిర్ షుఖోవ్ 1891లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. అప్పట్లో గిరాకీ దీపాలకు వాడే కిరోసిన్‌కే ఉండేది. మోటారు కార్లు పెరిగాక పెట్రోలు చాలలేదు. అమెరికాలో విలియం బర్టన్ 1913లో పేటెంటు పొందిన పద్ధతి వైటింగ్ రిఫైనరీలో అమలైంది. బరువైన నూనెను ఒత్తిడిలో సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయడంతో పెట్రోలు దిగుబడి దాదాపు రెట్టింపైంది. అయితే పాత్రల్లో కోక్ అనే కార్బన్ పదార్థం గట్టిగా పేరుకునేది. పని ఆపి దాన్ని గోకి తీయాల్సి వచ్చేది.

వేడికి కార్బన్–కార్బన్ బంధం తెగి స్వేచ్ఛా ప్రాతిపదికలు పుడతాయి. ఒక్కొక్కటి మరో అణువును తాకి చర్యను గొలుసులా సాగిస్తుంది. ఈ గొలుసు చర్యను శాస్త్రవేత్తలు రైస్, హెర్జ్‌ఫెల్డ్ 1934లో వివరించారు.

ఉత్ప్రేరక భంజనం

ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ సిలికా, అల్యూమినా కలిసిన ఉత్ప్రేరకాన్ని వాడాడు. దానిపైన కూడా కోక్ పేరుకుంటుంది. గాలి పంపి ఆ కోక్‌ను కాల్చేస్తే ఉత్ప్రేరకం మళ్లీ పనికొస్తుంది. భంజనం వేడిని పీల్చుకునే చర్య, కోక్ కాలడం, అంటే ఆక్సీకరణం, వేడినిచ్చే చర్య. రెండోది ఇచ్చిన వేడి మొదటిదానికి ఉపయోగపడింది. 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ కంపెనీ ఈ పద్ధతిలో భారీ యూనిట్ నెలకొల్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలకు అధిక ఆక్టేన్ ఇంధనం అందడంలో దీని పాత్ర పెద్దది.

1942 మేలో లూసియానాలోని బేటన్ రూజ్‌లో తొలి ఫ్లూయిడ్ యూనిట్ మొదలైంది. ఇందులో ఉత్ప్రేరకం మెత్తని పొడి. ఆవిరి, గాలి ఊదితే ద్రవంలా పారుతుంది. నేటి యూనిట్లలో వేడెక్కిన పొడి నిలువు గొట్టంలో నూనెను తాకిన కొద్ది సెకన్లలోనే భంజనం ముగుస్తుంది. కోక్ పట్టిన పొడి పక్క పాత్రలోకి చేరి, సుమారు 700 డిగ్రీల వద్ద శుభ్రపడి, ఆ వేడితోనే తిరిగొస్తుంది. 1960లలో వచ్చిన జియోలైట్ ఉత్ప్రేరకాలు పెట్రోలు దిగుబడిని ఇంకా పెంచాయి. విశాఖపట్నం రిఫైనరీలోనూ ఫ్లూయిడ్ యూనిట్లున్నాయి.

పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరకాలు

ఉత్ప్రేరకాలను పెట్రోలు తయారీకే కాక, అది కాలాక వచ్చే పొగను శుద్ధి చేయడానికీ వాడతారు. ఇంజన్‌లో పూర్తిగా కాలని హైడ్రోకార్బన్లు పొగలో కలిసి బయటికొస్తాయి. వాటిని ఉత్ప్రేరకంతో ఆక్సీకరించి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మార్చే పరికరంపై హూడ్రీయే 1950లలో కృషి చేశాడు. పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరకాన్ని పాడుచేయడంతో ఆ పరికరం కార్లలో అప్పట్లో నిలదొక్కుకోలేదు. సీసం లేని పెట్రోలు వచ్చాక, 1975 నుంచి అమెరికా కార్లలో ఇలాంటి పరికరాలను విరివిగా అమర్చారు.