తెప్ప మీద దీపం ఎవరికోసం?

తెలుగులో ‘తెప్ప’ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి గుడి కోనేట్లో. సింహాచలం వరాహ పుష్కరిణిలో, బెజవాడ కృష్ణలో దేవుణ్ణి తెప్ప మీద ఊరేగిస్తారు. ఆ తెప్పకి అంచు నుంచి శిఖరం దాకా బల్బులే. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, చుట్టూ టపాసులు. రెండోది శ్రీకాకుళం సముద్రం మీద. బారువ నుంచి భావనపాడు దాకా ఉద్దానం తీరంలో వాడబలిజలు, జాలర్లు తరతరాలుగా వేటకి వెళ్ళింది తెప్ప మీదే. తేలికపాటి దుంగల్ని చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగిస్తే అదే తెప్ప. దాని మీద మనిషి కూర్చోవడమే కష్టం, ఇక దీపం పెట్టే చోటెక్కడ? మొదటి తెప్పని చూడ్డానికి ఊరంతా ఒడ్డుకొస్తుంది. రెండోదాన్ని చీకట్లో ఎవరూ చూడరు. తప్పనిసరిగా చూడాల్సిన పెద్ద ఓడ కూడా చూడదు.

పడవకి నాలుగు లైట్లు బిగించడం ఇవాళ పెద్ద విషయమేం కాదు. 12 వోల్టుల బ్యాటరీ, రెండు వైర్లు, ఒక స్విచ్చి. బైకులకీ ఆటోలకీ అమ్మే ఎల్‌ఈడీ లైట్లే పడవకీ వెలుగుతాయి. అమెరికాలో సరదా పడవలున్నవాళ్ళు నీళ్ళ కింద నీలం లైట్లు కూడా బిగించుకుంటారు. కానీ పడవ దీపం ఇంటి దీపం లాంటిది కాదు. ఇంట్లో దీపం మనం చూడ్డానికి. పడవ మీద ముఖ్యమైన దీపం మనం ఇతరులకి కనపడ్డానికి. ఈ రెండు అవసరాలూ చాలాసార్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఉద్దానం తీరంలో దీపాల చరిత్ర చూస్తే ఆ పేచీయే కనిపిస్తుంది: ఎవరు ఎవరికి కనపడాలి, ఆ భారం ఎవరు మోయాలి?

*

1936లో ఒరిస్సా విడిపోయేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. అప్పట్లో బారువ, కళింగపట్నం రేవు ఊళ్ళు. రేవు అంటే ఓడ వచ్చి ఆనుకునే గోడ ఉందనుకోకండి. స్టీమరు దూరంగా లంగరు వేసేది. ఒడ్డుకీ దానికీ మధ్య కెరటాల వరసలు. ఆ కెరటాలు దాటించేవి మసూలా పడవలు. వాటిలో మేకు ఉండదు. చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు చెక్క పగలకుండా ఒంగేది. బర్మా వెళ్ళే కూలీలు, సరుకు, తెల్లదొరలు అందరూ ఆ కుట్టు పడవల మీదుగానే స్టీమరెక్కారు.

ఈ వ్యాపారం కోసమే తీరంలో దీపాలు వచ్చాయి. భీమునిపట్నం వెళ్ళే ఓడలు శాంతపల్లి రాళ్ళకి తగలకుండా 1847లో అక్కడ దీపస్తంభం కట్టారు. తర్వాత కళింగపట్నానికీ, బారువకీ కూడా దీపస్తంభాలు వచ్చాయి. ఇవన్నీ ఒడ్డెక్కడుందో ఓడకి చెప్పే దీపాలు. ఓడకీ ఒడ్డుకీ మధ్య చీకట్లో తెప్పలున్నాయని చెప్పే దీపం మాత్రం ఒక్కటీ లేదు. దీపస్తంభం తెప్పవాడికి పనికిరాలేదని కాదు. పగలు మహేంద్రగిరిని గుర్తు పెట్టుకుని ఇంటిదారి పట్టే మనిషికి రాత్రి అదొక కొత్త గుర్తు. అయితే అది అతను అడిగి వేయించుకున్నది కాదు. 1890లలో మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గం వచ్చాక పలాస ఎదిగింది, రేవులు నెమ్మదిగా మూలపడ్డాయి. స్టీమర్లు ఆగడం మానేశాక కూడా తెప్పలు వెళ్తూనే ఉన్నాయి.

*

ఓడలకి రంగు దీపాలు పెట్టాలన్న ఆలోచన ఆవిరి యుగంలో బలపడింది. తెరచాప ఓడ ఎటు వెళ్తుందో గాలిని బట్టి ఊహించొచ్చు. ఆవిరి ఓడ గాలితో పని లేకుండా ఎటైనా వస్తుంది. అందుకని 1848లో బ్రిటిష్ నౌకాదళ శాఖ ఆవిరి ఓడలకి ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, స్తంభం మీద తెల్ల దీపం తప్పనిసరి చేసింది. ఎదుటి ఓడది ఏ రంగు కనిపిస్తోందో చూస్తే అది ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. 1863లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి రాసుకున్న నియమాల్లో చిన్న పడవల ప్రస్తావన కూడా వచ్చింది. పైకప్పు లేని చేపల పడవలు పక్క దీపాలు మోయక్కర్లేదు. బదులుగా ఒక లాంతరు ఉండాలి. దానికి ఒకవైపు ఎర్ర అద్దం, ఇంకోవైపు పచ్చ అద్దం. పెద్ద ఓడ దగ్గరికొస్తుంటే ఢీకొనేలోపు సరైన సమయానికి దాన్ని చూపించాలి.

ఇప్పుడు ప్రపంచమంతా పాటించే నియమాలు 1972లో కుదిరి 1977 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులోనూ ఏడు మీటర్ల లోపు తెరచాప పడవకీ, తెడ్డు పడవకీ ఇదే మాట. పక్క దీపాలు కుదరకపోతే చేతిలో టార్చిలైటో వెలిగించిన లాంతరో ఉంచుకోవాలి, గుద్దుకోకముందే చూపించాలి. నూరేళ్ళు దాటాయి. ఆవిరి పోయి డీజిల్ వచ్చింది, రాడార్ వచ్చింది. చిన్న పడవకి చెప్పింది మాత్రం మారలేదు.

చదవడానికి ఇది మినహాయింపులా ఉంటుంది, పేదవాడి మీద దయలా ఉంటుంది. కానీ లెక్క వేసి చూడండి. 12 మీటర్ల లోపు పడవ పెట్టే తెల్ల దీపం కనీసం రెండు నాటికల్ మైళ్ళ దూరం కనపడాలని నియమం. గంటకి 15 నాటికల్ మైళ్ళ వేగంతో వచ్చే సరుకు ఓడ ఆ దూరాన్ని ఎనిమిది నిమిషాల్లో దాటేస్తుంది. లాంతరు వెలుగు అంత దూరం పోదు. అంటే మిగిలేది ఇంకా తక్కువ. అర్ధరాత్రి వల వేసి, కాస్త కునుకు తీద్దామనుకున్న మనిషి ఆ కొద్ది నిమిషాల్లో ఓడని గమనించి, టార్చి వెతికి, ఊపాలి. దీపం మోయక్కర్లేదన్న నియమం అతని మీద రాత్రంతా మేలుకుని ఉండే బరువు పెట్టింది. వెలిగి ఉండే దీపమైతే మనిషి కునుకు తీసినా పని చేస్తుంది.

*

మరి దీపం ఎందుకు వెలిగి ఉండలేదు? నిర్లక్ష్యం అనేయడం సులువు. అసలు అడ్డు కెరటం.

హరికేన్ లాంతరు గాలికి తట్టుకుంటుంది గానీ నీటికి తట్టుకోదు. 1910లో బెర్లిన్‌లో పుట్టిన పెట్రోమాక్స్ మన పెళ్ళిళ్ళకీ నాటకాలకీ వెలుగిచ్చింది. దాని మేంటిల్ వేలు తగిలితే పొడైపోతుంది, చల్లటి నీటి చుక్క పడితే వేడెక్కిన గాజు పగులుతుంది. ఒడ్డు నుంచి కెరటాల్ని చీల్చుకుని వెళ్ళే తెప్ప మీద అది ఎంతసేపు బతుకుతుంది? తర్వాత టార్చిలైటు వచ్చింది. అది జేబు దీపమే తప్ప పడవ దీపం కాదు.

ఎనభైల తర్వాత ఫైబర్ పడవలూ ఇంజన్లూ వచ్చాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి వారి బంగాళాఖాత కార్యక్రమం, హార్బరు లేని తీరాల్లో ఇసుక మీదకే లాక్కునే పడవల నమూనాల మీద పనిచేసింది. పడవకి ఒక పొట్ట వచ్చింది, బ్యాటరీ పెట్టే చోటు వచ్చింది. కానీ బ్యాటరీ నింపేదెవరు? చాలా చిన్న ఇంజన్లకి తాడు లాగి స్టార్ట్ చేయడమే, ఛార్జింగ్ ఏర్పాటుండదు. బ్యాటరీని భుజాన వేసుకుని ఇసుకలో నడిచి ఇంటికి తేవాలి, ఛార్జి పెట్టాలి, మళ్ళీ మోసుకెళ్ళాలి. 60 వాట్ల హాలోజన్ బల్బు 12 వోల్టుల మీద గంటకి ఐదు ఆంపియర్ అవర్లు తింటుంది. పది గంటల రాత్రికి యాభై. ఒక మామూలు బ్యాటరీ ఇంచుమించు ఖాళీ. అదే ఆరు వాట్ల ఎల్‌ఈడీకి రాత్రంతా ఐదు ఆంపియర్ అవర్లు చాలు. చిన్న సోలార్ పలక కూడా దాన్ని నింపగలదు. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినవాళ్ళకి 2014లో నోబెల్ వచ్చినప్పుడు మనం ఇళ్ళలో కరెంటు బిల్లు తగ్గిందనుకున్నాం. రేవు లేని తీరంలో రాత్రంతా దీపం వెలిగించుకోవడం మొదటిసారి తేలికైంది కూడా ఆ వెలుగుతోనే.

*

తేలికైంది గనక కొత్త చిక్కులూ వచ్చాయి. ఇంటి వైరింగు తెలిసిన చెయ్యి పడవ మీద బోల్తా పడుతుంది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు దారిలో పోతే ఎవరికీ తెలీదు. 12లో ఒకటి పోతే దీపం మందగిస్తుంది. అందుకే పడవకి సన్న వైరు పనికిరాదు. ఫైబర్‌లోంచి కరెంటు పారదు కాబట్టి ఆటోకి చేసినట్టు బాడీకి ఎర్తు ఇవ్వడం కుదరదు, ప్రతి దీపానికీ రెండు వైర్లు లాగాల్సిందే. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులోకి ఉప్పు గాలి దూరుతుంది, కొన్నాళ్ళకి రాగి పచ్చగా చిలుం పడుతుంది. తగరం పూత ఉన్న తీగలైతే ఎక్కువ కాలం ఉంటాయి. ఫ్యూజు దీపం దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే ఉండాలి. మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయితే అంటుకునేది పెట్రోలు పక్కనే.

అన్నిటికంటే ముఖ్యం, కనపడే దీపానికీ చూసే దీపానికీ స్విచ్చీ ఫ్యూజూ వేరుగా ఉండాలి. 1972 నియమాల్లో ఇరవయ్యోది చెప్పేది ఇదే: సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా, నియమం చెప్పిన దీపాలు కాక ఇంకేమైనా వెలిగిస్తే అవి అసలు దీపాల్లా భ్రమ కలిగించకూడదు, వాటిని మరుగు పరచకూడదు, కాపలా చూసేవాడి కళ్ళకి అడ్డం రాకూడదు. వల లాగేటప్పుడు తెల్లటి ఎల్‌ఈడీ బారు పెడితే పడవంతా పట్టపగల్లా ఉంటుంది. ఆ వెలుగులో పక్కనున్న ఎరుపూ పచ్చా ఎవరికీ కనపడవు. మన కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడాలంటే ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఓడ వచ్చేయడానికి ఎనిమిది చాలని ఇందాకే చూశాం. చవక ఎల్‌ఈడీల్లోని సర్క్యూట్లు వీహెచ్‌ఎఫ్ రేడియోని కూడా చెడగొడతాయని 2018లో అమెరికా కోస్ట్‌గార్డ్ హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ వెలుగు పెట్టుకున్న పడవ గుడ్డిదీ చెవిటిదీ అయ్యే ప్రమాదం ఉందన్నమాట.

*

వెలుగుకి ఇంకో వాడకం కూడా ఉంది. బలమైన దీపం నీళ్ళ మీద పెడితే చేపలు గుంపుగా చేరతాయి. పెద్ద జనరేటర్లున్న బోట్లు ఈ పద్ధతిలో సముద్రాన్ని ఊడ్చేస్తుంటే, 2017 నవంబరులో కేంద్రం ఎల్‌ఈడీ వేటని నిషేధించింది. 1994 ఆంధ్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్లు సంప్రదాయ పడవలవి. మర బోట్లు రాత్రిపూట ఆ గీత దాటి లోపలికొస్తే వలలు తెగుతాయి. వల ఇక్కడుందని చెప్పడానికి తేలుబుడ్డలకి మిణుకు లైట్లు కట్టుకోవడం జాలరి పని. పెద్ద బోటు దీపం చేపని పిలుస్తుంది, చిన్న పడవ దీపం నన్ను తొక్కకండి అని వేడుకుంటుంది. రెండూ ఎల్‌ఈడీలే.

వెలుగు ఎవరికి, భారం ఎవరికి అన్న ప్రశ్న ఈ తీరానికి సముద్రం మీదే ఎదురవలేదు. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని రైతులూ మత్స్యకారులూ అడ్డం నిలబడ్డారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఎక్కడెక్కడి ఊళ్ళకో కరెంటివ్వడానికి ఇక్కడి బీలనీ వేటనీ అడిగారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూలి, ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు పని జరుగుతోంది. శంకుస్థాపన 2023 ఏప్రిల్ 19న. అది పూర్తయితే, రైలు వచ్చాక మరుగైన పెద్ద ఓడలు ఈ నీళ్ళలోకి మళ్ళీ వస్తాయి. ఓడల దారికి దీపపు బోయాలు వేస్తారు, వాటికి బడ్జెట్టు ఉంటుంది, ఇంజనీరు ఉంటాడు. 2024 నుంచి పడవలకి ఇస్రో ట్రాన్స్‌పాండర్లు కూడా దేశమంతటా ఇస్తున్నారు. అవి పడవ ఎక్కడుందో ఒడ్డున ఉన్న ఆఫీసుకి చెప్తాయి. చీకట్లో ఎదురుగా వచ్చే ఓడలో కాపలా ఉన్న మనిషి కంటికి చెప్పాల్సింది ఇంకా దీపమే.

పోర్టు ఖర్చులో ఇది లెక్కలోకి రాని మొత్తం. పడవ పొడవుకి తగిన దీపాలు, వల వేసినప్పుడు పైన ఎరుపు, కింద తెలుపు, తగరం పూత వైరు, బ్యాటరీ పక్కన ఫ్యూజు, కెరటంలో బోల్తా పడినా నీళ్ళు దూరని పెట్టె. బోయాలతో పాటు ఇవి కూడా లెక్కలో రాస్తే, నూట అరవై ఏళ్ళుగా ‘సమయానికి చూపించు’ అంటూ వచ్చిన నియమం బరువు మొదటిసారి పెద్ద ఓడల వైపు కూడా కొంచెం జరుగుతుంది.