లెక్కకు రాని మరణం

అంటువ్యాధి చేసిన నష్టాన్ని రోగుల లెక్కతోనే కొలవరాదని నా అభిప్రాయం.

పాత ఖమ్మం జిల్లా భద్రాచలం ఏజెన్సీలోని పేరూరు ప్రాంతానికి మిరపకాయలు కోయడానికి బస్తర్ ఆదివాసీలు వస్తారు. 2020 మార్చి లాక్‌డౌన్‌తో పని పోయింది, బస్సులు ఆగాయి. ఏప్రిల్‌లో కూలీల గుంపొకటి అడవి దారిన బీజాపూరుకు కాలినడకన బయలుదేరింది. వారిలో 12 ఏళ్ల బాలిక మూడు రోజులు నడిచి, 18న ఇంటికి చేరువలోనే ప్రాణం విడిచింది. పరీక్షలో కరోనా లేదని తేలింది.

అప్పుడు ప్రయోగించిన చట్టాల్లో ప్లేగు కాలపు 1897 చట్టం ఒకటి. ప్రయాణీకుల తనిఖీ, ధిక్కరిస్తే శిక్ష, అధికారులకు రక్షణ అందులో ఉన్నాయి. ఏప్రిల్ 22న దానిని సవరించి వైద్య సిబ్బందికీ రక్షణ కల్పించారు, అది న్యాయమే. కాని దారులు మూసినప్పుడు కూలీ కుటుంబానికి తిండి ఎవరు పెట్టాలన్న వాక్యం అప్పుడూ చేరలేదు. పరాయి పాలకులు రాయని దానిని మనమెందుకు రాసుకోలేదు?